రైతు లోడు బండికి ఎఫ్‌సీ: బరువు చూడరా?

మన ఊళ్ళలో ఇప్పుడు సొంత లోడు బండి ఉన్న రైతులు చాలామందే. టాటా ఏసో, బొలెరో పికప్పో, అప్పు చేసి కొన్నదే. ఎందుకు కొన్నామో చెప్పనక్కర్లేదు. కాయ కోసిన రోజు కిరాయి బండి దొరకదు, దొరికితే వాడు చెప్పిందే రేటు. టమాటా మదనపల్లెకు తెల్లారేసరికి చేరాలి, మిర్చి గుంటూరు యార్డుకు ధర ఉన్న రోజునే చేరాలి. అయితే రవాణా శాఖ లెక్కలో అది రైతు బండి కాదు. పసుపు ప్లేటు బండి, అంటే వ్యాపార బండి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు మోయడానికి తయారైన బండి ఏదైనా గూడ్స్ క్యారేజే. ఆ సరుకు సొంతానిదా, కిరాయిదా అన్న ప్రశ్న అందులో లేదు. అందుకే మన బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. కోతల్లో తీరిక లేక రెండు నెలలు ఆగితే 3,000 రూపాయలు అక్కడే పోయాయి. ఎఫ్‌సీ లేని రోజున ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు వెతికేదీ ఆ కాగితాన్నే.

ఇదంతా బరువును బట్టి పెట్టిన నియమమైతే మేము నోరెత్తం. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌ను చూడండి. అదీ వెనుక తొట్టి ఉన్న పికప్పే. ఖాళీగానే రెండు టన్నులకు దగ్గరగా తూగుతుంది. ధర మన బండికి ఎన్నో రెట్లు. దానికి తెల్ల ప్లేటు, పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్, అప్పటిదాకా ఫిట్‌నెస్ ఊసే లేదు. నిండా సరుకు వేసినా రెండు టన్నులు దాటని టాటా ఏస్ మాత్రం వరుసలో నిలబడాలి. ఇదేం న్యాయం?

బరువు చూడటం చట్టానికి తెలియక కాదు. 3,000 కిలోల లోపు గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదని 66వ సెక్షన్ చెబుతోంది. లైసెన్సు సంగతి 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చు. బ్యాడ్జి లేదని బీమా ఎగ్గొట్టిన రోజులకు ఆ తీర్పుతో అడ్డు పడింది. (ఆ తీర్పు నకలు బండిలో ఉంచుకోండి. రోడ్డు మీద ఆపేవాళ్ళందరూ చదివి ఉండరు.) పర్మిట్‌కు బరువు చూశారు, లైసెన్సుకు బరువు చూశారు. ఒక్క ఫిట్‌నెస్ దగ్గరే కళ్ళు మూసుకున్నారు.

ట్రాక్టరు విషయంలో దారి ఎప్పుడో వేశారు. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదని కేంద్ర నిబంధనల్లోనే రాసి ఉంది. పొలం నుంచి యార్డుకు అదే పంటను మోసే చిన్న బండికి ఆ మాట ఎందుకు వర్తించదు?

పరీక్షే వద్దని మేము అనడం లేదు. బ్రేకులు పట్టని బండి ఎవరిదైనా మనిషిని చంపుతుంది. మనవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. కూలికి వెళ్ళే ఆడవాళ్ళను ఇరవై మందిని తొట్టిలో నిలబెట్టి తీసుకుపోవడం మానండి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా రాదు. బండి బోల్తా పడితే ఆ ఇళ్ళకు ఎవరు జవాబు చెబుతారు?

మా కోరిక ఇంతే. పట్టాదారు పాసు పుస్తకం ఉన్న రైతు పేరున, 3,000 కిలోల లోపు, కిరాయికి తిప్పని బండిని వేరే తరగతిగా గుర్తించాలి. దానికి పరీక్ష ఐదేళ్ళకోసారి చాలు. నిబంధన మార్చాల్సింది కేంద్రం, అడగాల్సింది మన రాష్ట్ర ప్రభుత్వాలు. ఆ లోపు కోతలు లేని నెలల్లో మండల కేంద్రంలోనే ఫిట్‌నెస్ శిబిరాలు పెట్టాలి.

పంట కాలంలో గడువు దాటి రోజుకు 50 లెక్కన కట్టినవాళ్ళు ఆ రసీదుల నకళ్ళు మీ మండల సంఘానికి ఇవ్వండి. వినతిపత్రానికి జత చేస్తాం.