పరిధి దాటితే పౌరుడు కాదా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో మలంచా ఒక పేట. సెల్ ఫోను సిగ్నల్‌కు అక్కడ కొరత లేదు. అయినా, శాటిలైట్ ఫోను సేవలపై ఢిల్లీలో సాగుతున్న చర్చలో అసలు విషయం ఏమిటో చాలా నగరాలకన్నా మలంచాకే బాగా తెలియాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో తరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే ఆ సంఖ్యాబలమే ప్రధాన కారణం. వారికి ఇల్లు బెంగాల్లో, ఊరు ఉత్తరాంధ్రలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపాన తీరం దాటినప్పుడు నేలకూలినవి కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు మాత్రమే కాదు. సెల్ టవర్లు కూడా మూగబోయాయి. అలాంటి రోజున ఊళ్లో వృద్ధులైన తల్లిదండ్రులున్న మనిషికి, 'మీరు ఫోన్ చేస్తున్న వ్యక్తి అందుబాటులో లేరు' అనే యంత్రస్వరం కన్నా భయంకరమైనది మరొకటి ఉండదు.

రైల్వే పట్టణానికి తెలిసిన విషయం ఇంకొకటి ఉంది. రెండు స్టేషన్ల నడుమ, అడవిలోనో పొలాల మధ్యనో బండి ఆగిపోతే, గార్డు తన వెంట ఉన్న ఫోనును పట్టాల పక్కనున్న తీగకు తగిలించి కంట్రోలు ఆఫీసుతో మాట్లాడేవాడు. విద్యుదీకరణ జరిగిన లైన్ల వెంబడి దాదాపు కిలోమీటరుకు ఒకటి చొప్పున అత్యవసర ఫోను సాకెట్లు వెలిశాయి. ఆ సాకెట్లను అమర్చే ముందు, వాటివల్ల ఏటా ఎంత రాబడి వస్తుందని రైల్వే లెక్కవేయలేదు. గార్డు రైల్వేకు ఖాతాదారుడు కాడు. ప్రమాదంలో పడితే మాట్లాడగలగవలసిన మనిషి. అతని నోటికీ కంట్రోలు చెవికీ మధ్య ఖాళీ ఉండకూడదన్నది భద్రతా నియమమే తప్ప వ్యాపార నిర్ణయం కాదు.

సెల్ ఫోను పరిధికి ఆవల ఉన్న కోట్లాది ప్రజల విషయంలో భారత ప్రభుత్వం పాటించనిది సరిగ్గా ఈ నియమాన్నే. పరిధి దాటిన మనిషిని ప్రభుత్వం మొదట అనుమానితుడిగా చూసింది. ఇప్పుడు ఖాతాదారుడిగా చూడటానికి సిద్ధపడుతోంది. పౌరుడిగా మాత్రం ఇంకా చూడటం లేదు.

అనుమానం సంగతి ముందు చూడాలి. దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను దగ్గర ఉంచుకోవడం నేరం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇందుకు ఆధారాలయ్యాయి. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన ముష్కరులు సముద్రంలో తురాయా శాటిలైట్ ఫోను వాడారన్నది నిజం. ఆ తరువాత తురాయా, ఇరిడియం ఫోన్లపై నిషేధం బిగిసింది. విదేశీ పర్యాటకులు ఉపగ్రహ పరికరాన్ని సంచిలో వేసుకొని వచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడుతున్న ఘటనలు నేటికీ జరుగుతూనే ఉన్నాయి. అయితే అదే ముంబయి దాడిలో మరో నిజం కూడా ఉంది. నగరంలోకి చొరబడిన తరువాత ముష్కరులు తమను నడిపిస్తున్నవారితో మాట్లాడింది మామూలు మొబైల్ ఫోన్ల మీద, ఇంటర్నెట్ ద్వారా నడిచే కాల్స్‌తో. అందుకని మొబైల్ ఫోన్లను ఎవరూ నిషేధించలేదు; నిషేధించలేరు కూడా. నగరాలకు అవసరమైన సాధనంలో ముప్పు కనిపించినప్పుడు ప్రభుత్వం నిఘా పద్ధతిని మెరుగుపరుచుకుంది. మారుమూలలకు అవసరమైన సాధనంలో ముప్పు కనిపించినప్పుడు సాధనాన్నే దూరం చేసింది. తేడా భద్రతలో లేదు, వాడేవారి గొంతు బలంలో ఉంది.

భద్రతా సమస్యకు పరిష్కారం లేదనడం కూడా సరికాదు. 2017 మే 24న నాటి టెలికాం మంత్రి మనోజ్ సిన్హా చేతులమీదుగా బీఎస్ఎన్ఎల్ ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాలతో శాటిలైట్ ఫోను సేవ ఆరంభించింది. కాల్స్ దేశంలోని గేట్‌వే ద్వారానే వెళ్లడం దీని ప్రత్యేకత. చట్టబద్ధమైన నిఘా అక్కడ సాధ్యమవుతుంది. అంటే, ప్రభుత్వం కోరుకున్న కట్టుదిట్టం ఎప్పుడో సమకూరింది. అయినా తొలి దశలో ఆ సేవ ప్రభుత్వ సంస్థలకే పరిమితమైంది. ఇతరులకు తరువాత అన్నారు. ఆ 'తరువాత' వచ్చినా, పరికరం ధర, నిమిషానికి పడే చార్జీ, అనుమతి పత్రాల తతంగం కలిసి ఆ ఫోనును సామాన్యుడికి అందని పండుగానే మిగిల్చాయి.

ఇక ఖాతాదారుడి సంగతి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఉపగ్రహ సేవలకు వేలం లేకుండా పాలనాపరంగా స్పెక్ట్రమ్ కేటాయించే దారి తెరిచింది. వన్‌వెబ్, జియో-ఎస్ఈఎస్ సంస్థల వెనుకే 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కూ లైసెన్సు లభించింది. ఉపగ్రహ సేవల రాకతో గుత్తాధిపత్యం ఎవరికి దక్కుతుంది, విదేశీ సంస్థను రానివ్వవచ్చా అన్న ప్రశ్నలపై ఢిల్లీలో వాదప్రతివాదాలు హోరెత్తాయి. 2025 మే 9న ట్రాయ్ చేసిన సిఫారసుల్లో, సంస్థల సవరించిన స్థూల ఆదాయంలో 4 శాతం స్పెక్ట్రమ్ రుసుముగా వసూలు చేయాలన్నది ఒకటి. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాలతో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలు నగరాల్లోని ఒక్కో చందాదారుకు ఏటా 500 రూపాయలు అదనంగా చెల్లించాలన్నది మరొకటి. నగరవాసులే ముందుగా ఈ సేవ కొంటారని నియంత్రణ సంస్థకే అనుమానం ఉందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఆ అనుమానం నిరాధారమైనది కాదు; చరిత్ర ఉంది. 1998 నవంబరు 1న ఇరిడియం సంస్థ 66 ఉపగ్రహాలతో, సుమారు 500 కోట్ల డాలర్ల పెట్టుబడితో, భూగోళంలో ఏ మూలనుంచైనా మాట్లాడవచ్చని ప్రకటిస్తూ సేవ ఆరంభించింది. ఫోను ధర దాదాపు 3,000 డాలర్లు. ఏడాది తిరగకముందే, 1999 ఆగస్టులో, దివాలా తీసింది. భారత సంస్థలు కూడా డబ్బు పెట్టిన ఆ వ్యవహారం తాలూకు వ్యాజ్యం 2010లో సుప్రీంకోర్టు తీర్పు దాకా నడిచింది. సాంకేతికత విఫలం కాలేదు. ఆ ఉపగ్రహాలు పనిచేశాయి. జేబులో డబ్బున్నవాడు సిగ్నల్ ఉన్నచోట ఉన్నాడు; సిగ్నల్ లేనిచోట ఉన్నవాడి జేబులో డబ్బు లేదు. ఇరిడియం పతనానికి మూలం ఇదే. చివరకు 2.5 కోట్ల డాలర్లకు చేతులు మారిన ఆ వ్యవస్థను నిలబెట్టింది అమెరికా రక్షణ శాఖ ఇచ్చిన ఒప్పందం. ఇన్‌మార్‌శాట్ కథ దీనికి భిన్నం. సముద్రంలో ప్రాణరక్షణ కోసం 1979లో దేశాలు కలిసి ఏర్పాటు చేసుకున్న సంస్థగా అది పుట్టింది. పరిధికి ఆవలి మనిషిని మార్కెట్టు ఒంటరిగా ఎన్నడూ చేరుకోలేదు. ప్రభుత్వం ఖర్చు భరించిన చోటే చేరింది.

ఈ ఖర్చు ఎవరికోసం అన్న ప్రశ్నకు సమాధానం తెలుగు తీరంలోనే ఉంది. మామూలు జీఎస్ఎం టవర్ సాంకేతికంగా చేరగల గరిష్ఠ దూరమే 35 కిలోమీటర్లు. చేపల వేట అక్కడితో ఆగదు. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను కేరళ, కన్యాకుమారి మత్స్యకారులను బలిగొన్నప్పుడు, హెచ్చరిక వెలువడేసరికే ఎన్నో పడవలు ఫోను అందని దూరంలో ఉన్నాయి. సముద్ర సమాచారాన్ని అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో. హెచ్చరిక పుట్టే ఊరు తెలుగువారిదే. దాన్ని వినవలసిన పడవల్లో తెలుగువారివీ ఉన్నాయి. నడుమ తీగ మాత్రం లేదు. బతుకుతెరువుకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన శ్రీకాకుళం మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. వారి కథ 'తండేల్' సినిమాగా వచ్చినప్పుడు తెలుగు ప్రేక్షకులు కన్నీరు పెట్టారు. చేతిలో ఫోను ఉంటే పట్టుబడేవారు కాదని ఎవరూ చెప్పలేరు. కానీ సరిహద్దు గీత కనిపించని నీళ్లమీద, ఒడ్డుతో మాట్లాడే సాధనం లేకుండా మనుషులను వదిలివేయడం విధి కాదు, విధానం.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరాలు 2010 నుంచి వాడుకలో ఉన్నాయి. అయితే తొలి తరం పరికరం ఒడ్డుకు కేక వేయగలదే గానీ, ఆ కేక వినపడిందో లేదో పడవకు తెలిసేది కాదు. 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ఆరంభించిన పథకం, 364 కోట్ల రూపాయల వ్యయంతో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని సంకల్పించింది. వీటితో ఇరువైపులా సందేశాలు పంపుకోవచ్చు. ఇది మెచ్చదగిన అడుగు. ఇదే నియమాన్ని ఫోను దాకా, తీరం దాటి కొండల దాకా ఎందుకు తీసుకుపోరన్నదే ప్రశ్న.

ఎందుకంటే కొండలమీదా కథ ఇదే. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న పుట్టింది తెలుగు నేలపైనే. కానీ ఆ మూడంకెలు నొక్కాలంటే ముందు సిగ్నల్ ఉండాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నొప్పులు వచ్చిన గర్భిణిని డోలీ కట్టి మోసుకుపోవడం ఇప్పటికీ వార్తగా వస్తూనే ఉంది. డోలీ కదిలే ముందే ఫోను కలిస్తే, రోడ్డు మొదలయ్యే చోట బండి సిద్ధంగా ఉంటుంది. టవర్లు వేస్తున్నారు కదా అనవచ్చు. 24,680 గ్రామాలకు 4జీ అందించేందుకు 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం 2022 జూలైలో ఆమోదించిన మాట నిజమే. అయితే సముద్రంలో టవర్ నాటలేరు. నాటిన టవర్ కూడా హుద్‌హుద్ లాంటి రోజున, అంటే అత్యంత అవసరమైన రోజున, నిలబడుతుందన్న హామీ లేదు.

డబ్బు లేదన్న సాకు అసలే చెల్లదు. టెలికాం సంస్థల ఆదాయంలో 5 శాతం మారుమూల సేవల కోసమే ప్రత్యేక నిధికి చేరుతుంది. సార్వత్రిక సేవా నిధిగా 2002లో మొదలై ఇప్పుడు డిజిటల్ భారత్ నిధిగా పేరు మారిన ఆ ఖాతాలో పదుల వేల కోట్ల రూపాయలు ఖర్చుకాకుండా మిగిలాయి. మారుమూల వినియోగదారుల పరికరాలకు రాయితీ ఇవ్వడాన్ని ప్రభుత్వం పరిశీలించవచ్చని ట్రాయ్ కూడా చెప్పింది. 'పరిశీలించవచ్చు' అన్న మాట ప్రభుత్వ దస్త్రాల్లో ఎంతకాలమైనా నిద్రపోగలదు. దాన్ని మేల్కొలపవలసింది పార్లమెంటు.

అక్కడ అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఉపగ్రహం ద్వారా సేవ అందించే ప్రతి సంస్థా 112కు చేసే అత్యవసర కాల్‌ను, సందేశాన్ని ఉచితంగా మోయాలన్నది లైసెన్సు షరతు కావాలి. సిగ్నల్ లేని ప్రతి గిరిజన పంచాయతీలో, దూరం పోయే ప్రతి మరపడవలో ఒక శాటిలైట్ ఫోను నిధి ఖర్చుతో ఉండాలి. దానికి ఊరి పేరునో పడవ రిజిస్ట్రేషన్ మీదనో అనుమతి దానంతటదే రావాలి. 2025 మేలో వెలువడిన భద్రతా నిబంధనలు భూసరిహద్దు వెంట 50 కిలోమీటర్లను, సముద్రంలో 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలాన్ని ప్రత్యేక నిఘా ప్రాంతాలుగా చూస్తున్నాయి. నిఘా పెట్టండి, కాదనేవారు లేరు. కానీ ఫోను అత్యంత అవసరమైన మనుషులు ఉన్నది సరిగ్గా ఆ నీళ్లలోనే. నిఘా ఉన్నచోట సేవ కూడా ఉన్నప్పుడే ఆ నిఘాకు నైతిక బలం.

శ్రీహరికోట నుంచి 2022 అక్టోబరులో, 2023 మార్చిలో రెండు ప్రయోగాలతో 72 వన్‌వెబ్ ఉపగ్రహాలు నింగికెగిశాయి. రాకెట్టు ఎగిరే రోజుల్లో ఆ తీరపు మత్స్యకారులను సముద్రంలోకి వెళ్లవద్దని ముందుగా హెచ్చరిస్తారు. ప్రపంచాన్ని కలపడానికి ఉపగ్రహం ఎగురుతున్నప్పుడు పక్కకు తప్పుకునేది వారే. మర్నాడు వేటకు వెళ్లి సిగ్నల్ పోగొట్టుకునేదీ వారే. తెలుగు ఎంపీలు ఈ ఒక్క చిత్రాన్ని సభ ముందుంచినా చాలు.

ప్రభుత్వాలకు ఇది ఓట్ల లెక్కలో చిన్న విషయం. పరిధికి ఆవలి మనిషి ఫిర్యాదు కూడా చేయలేడు. చేయాలన్నా సిగ్నల్ కావాలి. అందుకే అతని పక్షాన మాట్లాడవలసిన బాధ్యత పరిధి లోపలివారిది. తుపాను రాత్రి ఉత్తరాంధ్రలోని ఊరికి ఫోను కలవక తెల్లవార్లూ ప్రయత్నించే బాధ మలంచాలోని తెలుగు ఇళ్లకు కొత్త కాదు. పట్టాల పక్క సాకెట్టు ఎందుకుందో కూడా ఆ ఇళ్లలోని రైల్వే ఉద్యోగులకు తెలుసు. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు, ఆ ఒక్క మాట చెప్పగలగడానికి. గార్డుకు ఇచ్చిన ఆ హక్కును పడవలోని తండేలుకూ, కొండమీది తల్లికీ ఇవ్వడానికి ఈ దేశానికి కొరతైనది ఉపగ్రహాలు కాదు, డబ్బూ కాదు, సంకల్పం.