స్టబ్బు చెప్పిన సాక్ష్యం

యూనిట్ టెస్టులన్నీ నెగ్గినవి గనుక ప్రోగ్రాము నిర్దుష్టమని వాదించే యువమిత్రులతో నాకొక పేచీ ఉన్నది. ఆ టెస్టులలో స్టబ్బులెన్ని? స్టబ్బు అంటే పరీక్ష జరిగేంతసేపు అసలు మెథడ్ స్థానంలో నిలబడి, మనం ముందే నేర్పిన సమాధానాన్ని ఒప్పజెప్పే బొమ్మ. వ్యాకరణ పరిభాషలో అది ఆదేశం, అసలు మెథడ్ స్థాని. ఆదేశానికి స్థాని ధర్మాలు ఎంతవరకు సంక్రమిస్తాయో పాణిని సూత్రించి, మినహాయింపూ చెప్పినాడు. స్టబ్బుకు ఆ కట్టుబాటు లేదు. వ్రాసినవాని నమ్మకమే దాని ధర్మం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

పద్యం ఉత్పలమాల అవునో కాదో చెప్పే ప్రోగ్రామును తీసుకొందాం. గురులఘువులను నిర్ణయించే మెథడ్‌ను స్టబ్బు చేసి, భ ర న భ భ ర వ గణాలకు సరిపడే 20 గురులఘువులను దాని నోట పెట్టినారనుకోండి. టెస్టు నెగ్గుతుంది. పాదంలో ఒక్క అక్షరమైనా ఎవరూ చదువలేదు! కష్టమంతా ఉన్నది అక్కడనే కదా. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది. ఆ సంయుక్తాక్షరం తరువాతి తెలుగు పదం మొదట ఉంటే సాధారణంగా కాదు. సమాసంలోనైతే మరల అవుతుంది. పైగా ‘స్త్రీ’ మనకొక్క అక్షరమే, యూనికోడులో 6 సంకేతాలు.

ఇది పండితుని చాదస్తమనుకొనేవారు 1996 జూన్ 4ను తలచుకోవాలి. ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుండి బయలుదేరిన తొలి ఏరియన్ 5 రాకెట్టు సుమారు 40 సెకన్లకే నాశనమైనది. ఏరియన్ 4 నుండి తెచ్చుకొన్న దిశానిర్దేశక పరికరపు ప్రోగ్రాము, 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి విఫలమైనది. నేలమీది సమగ్ర పరీక్షలలో ఆ పరికరం స్థానంలో దాని సమాధానాలను అనుకరించే ప్రోగ్రామును పెట్టినారు. అసలు పరికరం వేరుగా పరీక్షకు నిలిచినదే కదా అని ధీమా. ఆ పరీక్షలోనేమో ఏరియన్ 5 గమనపథమే లేదు.

అసలు తెగులు చాలాచోట్ల కోడ్ కూర్పులో ఉన్నది. తిథి చెప్పే మెథడ్ తనంతట తానే కంప్యూటరు గడియారం చూచుకొంటే, అమావాస్యను పరీక్షించడానికి గడియారాన్ని స్టబ్బు చేయక తప్పదు. తేదీ, వేళ, ఊరు పారామీటర్లుగా అందిస్తే ఆ బొమ్మతో పనే లేదు.

అసలు మెథడ్‌లను పిలిస్తే టెస్టులు నెమ్మదిస్తాయంటారు. బ్యాంకు సర్వరును పిలిచేచోట స్టబ్బును నేనూ ఒప్పుకొంటాను. టెస్టు నడచినప్పుడల్లా ఎవరి ఖాతాలోనో సొమ్ము తరగరాదు. అక్కడైనా స్టబ్బు పలుకును అసలు పలుకుతో అప్పుడప్పుడు పోల్చిచూచే టెస్టొకటి విడిగా ఉండవలసిందే. 20 అక్షరాల పాదానికి గురులఘువులు లెక్కించడానికి కంప్యూటరుకు ఎంత సేపు పడుతుందండీ?