పొసెషన్ ఎవరిది?

రెవెన్యూ ఆఫీసు గడప తొక్కిన ఆదివాసీ త్వరగా నేర్చుకునే ఇంగ్లీషు మాట పొసెషన్. మనవాళ్ల నోట అది పొజిషన్ అయింది. తెలుగులో ఒకరు స్వాధీనం అంటారు, ఒకరు అనుభవం, ఒకరు కబ్జా. అనుభవం అంటే మన చెవికి దున్నినవాడిది, కబ్జా అంటే లాక్కున్నవాడిది. ఇంగ్లీషు మాటకు ఈ తేడా పట్టదు. లాక్కున్నవాడికి అందుకే అది అంత ఇష్టం.

పోలీసు స్టేషనులో అదే మాట ఇంకోలా పలుకుతుంది. మన కుర్రాడి సంచిలో ఏది దొరికినా వాడి పొసెషనే. సంచి మోయించిన షావుకారు పేరు కాగితానికెక్కదు. మన అమ్మలకు దేవత పూనితే ఇంగ్లీషు పుస్తకాల్లో అదీ పొసెషనే! పూనిన దేవత పొద్దెక్కకముందే దిగిపోతుంది. భూమిని పట్టినవాడు దిగడు.

1/70 చట్టం ఈ మాటను తిరగేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతడే. మరి ఆఫీసుల్లో రుజువులు మనల్నెందుకు అడుగుతున్నారు? 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడుకు పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే భూమి మన చేతిలో ఉందని చూపాలి. ఊరి పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది. అయినా ఉపగ్రహ చిత్రం పేరు చెప్పి తిప్పి పంపుతారు.

టీచర్లూ, ఈ మాటకు అర్థం రాయించి ఊరుకోకండి. ఊరి పాత అడంగల్, పహాణీ నకళ్లు తెప్పించి, అనుభవదారు గడిలో ఎవరి పేరుందో పిల్లలచేత గట్టిగా చదివించండి.