లాప్‌టాప్ వేడెక్కితే సార్‌నే రమ్మనాలా?

మన ఇళ్ళల్లో ఎవరూ రాయని నియమం ఒకటుంది. మిక్సీ ఆగిపోయినా, స్టవ్ మంట ఎర్రగా వస్తున్నా, వాషింగ్ మెషిన్ నీళ్ళు వదలకపోయినా ఇల్లాలే చూసుకోవాలి. రిపేరు చేసేవాడితో బేరమూ ఆవిడే ఆడాలి. అదే లాప్‌టాప్‌కి ఏదైనా అయితే మాత్రం "నీకు తెలీదులే, నేనొచ్చాక చూస్తా" అంటారు. పిల్లల ప్రాజెక్టులు, కరెంటు బిల్లులు, ఊరెళ్ళడానికి రైలు టిక్కెట్లు అన్నీ ఆవిడే దాని మీద చేస్తున్నా సరే! ఈ నియమం వల్ల ఇంటికి డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం. అందుకు ఒక్క ఉదాహరణ చాలు. విండోస్ మళ్ళీ వేయించాక లాప్‌టాప్ కాలిపోవడం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. దాంతో పాత లాప్‌టాప్‌లు ఫార్మాట్ చేయించి విండోస్ 11 వేయించుకున్న ఇళ్ళలో మాదీ ఒకటి. మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు అంతా దాని మీదే. షాపు నుంచి వచ్చిన రోజు మొదలు ఫ్యాన్ ఒకటే రొద, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. నాలుగు రోజులు చూసి షాపుకి తీసుకెళ్తే "మదర్‌బోర్డు ప్రాబ్లం ఆంటీ, ఫ్యాన్ కూడా మార్చాలి, తొమ్మిది వేలవుతుంది" అన్నాడు కుర్రాడు. "నీ దగ్గరికి తెచ్చే ముందు రోజు దాకా చల్లగానే ఉంది కదా బాబూ, మదర్‌బోర్డు సరిగ్గా ఆ రోజే ఎందుకు పోయింది?" అన్నాను. కాసేపు ఆగి, "సార్‌ని రమ్మనండి, చెప్తాను" అన్నాడు.

చూశారా? ప్రశ్న నాది, జవాబు మాత్రం సార్‌కి.

నేనడిగింది పెద్ద సాంకేతిక ప్రశ్నేం కాదు. పసిపిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ప్రతి తల్లీ వేసుకునే ప్రశ్నే. నిన్న ఏం మారింది? కొత్తగా ఏం తిన్నది? టీకా వేయించామా? లాప్‌టాప్‌లో నిన్న మారింది సామాను కాదు, లోపలి సాఫ్ట్‌వేర్. అలాంటప్పుడు ముందు వెతకాల్సింది అక్కడ. సామానూ పాడయి ఉండొచ్చు, కాదనను. కానీ డబ్బు ఖర్చు కాని కారణాలన్నీ చూశాకే తొమ్మిది వేల కారణం దగ్గరికి వెళ్ళాలి.

మొదటి కారణం టీకా జ్వరం లాంటిది. విండోస్ కొత్తగా వేసిన ఒకటి రెండు రోజులు అది ఊరికే ఉండదు. అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్ళన్నిటికీ విషయసూచిక తయారు చేసుకుంటుంది, వైరస్‌ల కోసం వెతుకుతుంది. వన్‌డ్రైవ్ ఉంటే అది కూడా మళ్ళీ సింక్ చేసుకుంటుంది. ఇంత పని ఒకేసారి చేస్తే వేడెక్కక ఏం చేస్తుంది? ఛార్జర్ పెట్టి, నెట్ ఆన్‌లో ఉంచి, బల్ల మీద వదిలేయండి. రెండు రోజుల్లో తగ్గిపోతే అది రోగం కాదు.

తగ్గకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ అన్న చోట నొక్కితే, ఎవరు ఎక్కువ పని చేయిస్తున్నారో ఆ పేరు పైకి వస్తుంది. ఏ పనీ చేయకుండా వదిలేసిన మెషిన్‌లో సీపీయూ వాడకం మామూలుగా పది శాతం లోపే ఉంటుంది. గంటల తరబడి అరవై, డెబ్భై చూపిస్తోందంటే లోపల ఎవరో కూర్చుని తింటున్నట్టే.

రెండోది డ్రైవర్లు. స్క్రీనుకీ, ఫ్యాన్‌కీ, బ్యాటరీకీ విండోస్‌తో మాట కలిపే చిన్న ప్రోగ్రాములివి. ఫార్మాట్‌తో పాతవి పోతాయి. నెట్ లేకుండా విండోస్ వేసినా, అప్‌డేట్లు ఆపేసి ఇచ్చినా కొత్తవి రావు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ లేనట్టే. అప్పుడు యూట్యూబ్ వీడియో చూసినా ఆ భారమంతా సీపీయూ మీదే పడుతుంది. మా దాంట్లో కనిపించింది ఇదే. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, తయారు చేసిన కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లు మా అమ్మాయి వేసింది. పైసా ఖర్చు లేదు. మర్నాటికి ఫ్యాన్ రొద తగ్గింది.

మూడోది చెప్పుకోడానికి కాస్త ఇబ్బందిగా ఉండే సంగతి. చాలా చోట్ల దొంగ విండోస్ వేసి ఇస్తారు. దాన్ని అసలుదిలా నమ్మించే ప్రోగ్రాముల వెంట వైరస్‌లు కూడా వస్తుంటాయి. కొన్ని మన మెషిన్‌తో, మన కరెంటుతో వేరెవరికో క్రిప్టో నాణేలు తవ్వి పెడతాయి. మీరు ముట్టుకోకపోయినా ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే దీన్నీ అనుమానించాలి. నిజానికి మన లాప్‌టాప్ విండోస్‌తోనే కొన్నదైతే దొంగది అక్కర్లేదు. డిజిటల్ లైసెన్స్ ఆ మెషిన్‌తో ముడిపడి ఉంటుంది కనక అదే రకం విండోస్ మళ్ళీ వేసినా తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. వేసే ఫైలు కూడా మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది.

ఇవన్నీ చూశాక అప్పుడు సామాను సంగతి. గాలి వెళ్ళే సందుల్లో దుమ్ము పేరుకున్నా, చిప్ మీద రాసిన పేస్టు ఏళ్ళ తరబడి ఎండిపోయినా, పరుపు మీద పెట్టి వాడినా వేడెక్కుతుంది. మన ఎండలు కూడా లెక్కలో వేసుకోవాలి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం గదిలో 40 డిగ్రీలుంటే ఫ్యాన్ లోపలికి లాక్కునేదీ ఆ గాలే. తెల్లవారుజామున ఒకసారి వాడి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ఆగకండి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే వెంటనే ఆపేసి, ఛార్జర్ తీసేసి, షాపుకి పట్టుకెళ్ళాల్సిందే. అది ప్రమాదం.

షాపుల వాళ్ళందరూ మోసగాళ్ళని నేననడం లేదు. ఐదొందలకి ఫార్మాట్ చేసిమ్మని బేరమాడేదీ మనమే. ఆ ధరకి డ్రైవర్లన్నీ వెతికి వేసి, ఒక పూట నడిపి చూసి ఇచ్చే తీరిక వాళ్ళకెక్కడిది? అందుకని ఐదొందలకి బదులు ఏడొందలు ఇచ్చి, "డ్రైవర్లు, అప్‌డేట్లు అన్నీ వేసి, గంటసేపు నడిపి చూపించు" అని అడగడం మేలు. అలా అడగాలంటే ఏం అడగాలో మనకి తెలిసి ఉండాలి కదా.

"ఉన్న చాకిరీ చాలక ఇదొకటా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ పనులన్నీ మనమే చేయాలని నేను చెప్పడం లేదు. పిల్లల చేత చేయించవచ్చు, మా వారి లాంటి వాళ్ళు ఉత్సాహపడితే వాళ్ళకే వదిలేయవచ్చు. కానీ తొమ్మిది వేలు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఇంటి ఖర్చుల పద్దు రాసే మనిషికి తెలిసి జరగాలి. చేసే చేతులు ఎవరివైనా ఫరవాలేదు, అడిగే నోరు మనకుండాలి.

కాబట్టి ఈసారి లాప్‌టాప్ ఫార్మాట్‌కి ఇచ్చే ముందు మూడు పనులు చేయండి. ఫొటోలు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మోడల్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఇచ్చే రోజు అది ఎలా నడుస్తోందో, ఎంత వేడెక్కుతోందో కూడా ఆ కాగితం మీదే రాయండి. తిరిగొచ్చాక ఏదైనా తేడా వస్తే ఆ కాగితం చేతిలో పెట్టుకుని అడగండి. ఎవరైనా "సార్‌ని రమ్మనండి" అంటే, "సార్‌కి నేను చెప్తాను గానీ, ముందు నాకు చెప్పు బాబూ" అనండి.