సంతకం ఒక్కటే సమ్మతి కాదు

బౌషర్‌లోని రక్తనిధికి సెలవురోజున బృందంగా వెళ్ళి రక్తం ఇచ్చి రావడం మస్కట్ ప్రాంతపు భారతీయులకు కొత్త సంగతి కాదు. సూది అంటే జంకేవారు సైతం అక్కడ నిస్సంకోచంగా చేయి చాస్తారు. ఇచ్చేది ఏమిటో, ఎందుకో, ఎవరికి మేలో, తమకు కలిగే ఇబ్బంది ఎంతో వారికి స్పష్టంగా తెలుసు. ఇష్టం లేకపోతే వెనుదిరిగి రావచ్చునన్న సంగతీ తెలుసు. అదే మనిషిని ఎవరైనా "ఒక వైద్య పరిశోధన జరుగుతున్నది, పాల్గొంటారా?" అని అడిగితే ముఖం మారిపోతుంది. "మేమేమైనా ప్రయోగశాల ఎలుకలమా?" అని కసురుకునేవారు కొందరు. "డాక్టరుగారు చెప్పారు గదా, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి" అనేవారు మరికొందరు. పైకి ఈ రెండు ధోరణులూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధంగా కనిపిస్తాయి గాని, రెండింటిలోనూ కొరవడినది ఒక్కటే: ప్రశ్న.

ఇది ప్రవాస కుటుంబాలకు దూరపు చర్చ కాదు. గుబ్రాలోనో అల్ ఖువైర్‌లోనో ఉంటున్న కొడుకుకు గుంటూరు నుంచి తండ్రి ఫోను చేస్తాడు. చక్కెర వ్యాధికి కొత్త మందు వచ్చిందట, పెద్దాసుపత్రిలో ఉచితంగా ఇస్తారట, ఏవో పదిహేను పేజీల కాగితాలు చేతికిచ్చారట. "ఇదంతా నాకేం అర్థమవుతుందిరా అబ్బాయ్, నువ్వే చూసి చెప్పు" అంటాడు. ఆఫీసు హడావుడిలో ఉన్న కొడుకు "పెట్టేయండి నాన్నా, పేరున్న ఆసుపత్రే గదా" అంటాడు. లేదా "అలాంటి వాటి జోలికి పోవద్దు" అంటాడు. రెండు జవాబులూ ప్రేమతో చెప్పినవే. కాని రెండింటిలోనూ తండ్రి నిర్ణయం లేదు. మానవులపై జరిగే వైద్య పరిశోధనలో నీతి అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ చిన్న సంభాషణే చాలు.

మనుషులు లేనిదే మందు లేదు

ముందుగా ఒక సత్యాన్ని అంగీకరించాలి. జంతువులలో ఎంత పరీక్షించినా, ఒక మందు మనిషికి పనికివస్తుందో లేదో చివరకు మనుషులే తేల్చాలి. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన సహచరులతో కలిసి రూపొందించిన అమినోప్టెరిన్‌ను, 1947 చివర బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో మరణానికి చేరువైన పసివారికి ఇచ్చి చూశారు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. క్యాన్సర్‌ను మందులతో లొంగదీయవచ్చునన్న ఆశకు అది నాంది. దానికి సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఆ పిల్లల తల్లిదండ్రులు అంగీకరించకపోతే ఆ విజయం లేదు.

పరిశోధన అంటే ఎల్లప్పుడూ కొత్త మందు మింగడమే కానక్కరలేదు. 1997, 2003 సంవత్సరాల నడుమ ప్రపంచ ఆరోగ్య సంస్థ మస్కట్, ఢిల్లీ, ఆక్రా, ఓస్లో, పెలోటస్, డేవిస్ నగరాలలో సుమారు 8,500 మంది పిల్లల ఎత్తు, బరువు, ఎదుగుదల కొలిచింది. 2006లో వెలువడిన శిశు వికాస ప్రమాణాలు ఆ కొలతల నుండి పుట్టినవే. ఈనాడు ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా ఆ ప్రమాణాల పట్టికపై నర్సు ఒక బిడ్డ బరువును చుక్కగా గుర్తిస్తే, ఆ గీతల వెనుక మస్కట్ తల్లులు కొందరు తమ ఇంటి తలుపు తెరిచి చూపిన సహనం ఉన్నది. "మాకెందుకు" అని అందరూ అనుకుంటే అనుభవించడానికి ఫలం మిగలదు.

సికింద్రాబాదు నుండి హెల్సింకీ వరకు

అయితే ఆ సహకారాన్ని ఏ విధంగా పొందారన్నదే అసలు ప్రశ్న. దానికి తొలి ఉదాహరణలలో ఒకటి తెలుగు నేలమీదనే ఉన్నది. 1895లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమలు చచ్చిపడిన నీటిని లచ్మన్ అనే డోలీ బోయీ చేత తాగించారు. దోమలున్న నీటి ద్వారా జబ్బు వ్యాపిస్తుందేమోనని ఆనాటి ఊహ. అతనికి జ్వరం వచ్చి తగ్గింది. 1897లో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, ఒక్కొక్క దోమకు ఒక్క అణా చొప్పున చెల్లించారు. ఆ దోమలలో ఒకదాని కడుపులోనే ఆగస్టు 20న మలేరియా క్రిమి కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. బేగంపేటలో ఆయన పేరిట ఒక సంస్థ వెలసింది. హుసేన్ ఖాన్‌కు దక్కినవి కొన్ని అణాలు. సైనిక వైద్యాధికారి ఎదుట నిలిచిన డోలీ బోయీ "నేను తాగను" అనగలిగేవాడా? ఆ కాలంలో ఆ ప్రశ్న అడిగినవారే అరుదు.

ప్రపంచం ఆ ప్రశ్నను ఆలస్యంగా, ఘోరాలు చూసిన తరువాత అడిగింది. నాజీ వైద్యుల విచారణ ముగిసిన 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి, పాల్గొనే వ్యక్తి స్వచ్ఛంద సమ్మతి లేనిదే ఏ ప్రయోగమూ తగదని శాసించింది. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చేసింది. దానిని పలుమార్లు, చివరగా 2024లో, సవరించారు. అయినా అమెరికాలోని టస్కిగీలో 1932లో ఆరంభమైన ఒక అధ్యయనం 1972 వరకు ఆగలేదు. సిఫిలిస్ సోకిన సుమారు 400 మంది పేద నల్లజాతివారికి, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా చికిత్స అందనీయక, జబ్బు ముదిరే తీరును గమనిస్తూ వచ్చారు. నియమం కాగితం మీద ఉండటం వేరు, బలహీనుడి పక్షాన నిలబడటం వేరు అని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి 1980లో తన తొలి నైతిక విధాన ప్రకటన చేసింది. 2000, 2006, 2017 సంవత్సరాలలో విస్తృతమైన మార్గదర్శకాలు వెలువరించింది.

ఖమ్మం నేర్పిన పాఠం

ఆ మార్గదర్శకాలు అమలులో ఉండగానే 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం మొదలైంది. స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ వైరస్‌ను నిరోధించే టీకాను భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏళ్ళ లోపు బాలికలు సుమారు 14,000 మందికి ఇవ్వడం ఆరంభించారు. అమెరికాకు చెందిన 'పాథ్' సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. గుజరాత్‌లోని వడోదరలోనూ మరొక కంపెనీ టీకాతో ఇటువంటి కార్యక్రమమే జరిగింది. ఖమ్మం బాలికలలో చాలామంది గిరిజనులు, ప్రభుత్వ వసతి గృహాలలో ఉండి చదువుకునేవారు.

రెండు రాష్ట్రాలలోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో కలకలం రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. కేంద్ర ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. నీట మునగడం, పాము కాటు, పురుగుమందు, జ్వరం వంటి కారణాలు బయటపడ్డాయి. మరణాలకు టీకా కారణమని చెప్పడానికి ఆధారం కనిపించలేదు. ఈ విషయాన్ని నిజాయితీగా గుర్తించాలి. టీకాను హంతకిగా చిత్రించడం ఆ బాలికలకు న్యాయం చేయదు సరిగదా, ఆ క్యాన్సర్‌కు గురయ్యే వేలాది స్త్రీలకు అన్యాయం చేస్తుంది.

అయితే అదే విచారణలో సమ్మతి విషయమై తీవ్రమైన లోపాలు వెలికివచ్చాయి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం సమర్పించిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాలపై సంతకం చేసినవారు హాస్టల్ వార్డెన్లు. మరి 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. నిబంధనలను ఉల్లంఘించామన్న ఆరోపణను పాథ్ సంస్థ అంగీకరించలేదు. టీకా అప్పటికే దేశంలో అనుమతి పొందినదనీ, ఇది ఔషధ ప్రయోగం కాదనీ వాదించింది. ఆ వాదంలో కొంత సాంకేతిక బలం ఉన్నా, తల్లిదండ్రుల స్థానంలో వార్డెన్ సంతకాన్ని అది సమర్థించలేదు. కన్నవారికి కబురైనా పంపకుండా బిడ్డ భుజానికి సూది గుచ్చితే, తరువాత ఎన్ని శాస్త్రీయ వివరణలు ఇచ్చినా ఆ తల్లి చెవికెక్కవు. మరణాలకు టీకా కారణం కాకపోయినా నమ్మకం మాత్రం మరణించింది. ఆ వివాదపు నీడ ఆ టీకాపై చాలా ఏళ్ళు పడి ఉన్నది.

చట్టం మారింది, అలవాటు మారాలి

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ ప్రాంతపు పేద మహిళలు కొందరు డబ్బు కోసం హైదరాబాదు వెళ్ళి ఔషధ పరీక్షలలో పాల్గొన్నారన్న వార్తలు వెలువడ్డాయి. ఇటువంటి ఘటనల ఫలితంగా చట్టం గట్టిపడింది. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం ఇవ్వాలన్న నిబంధన 2013లో వచ్చింది. 2019 నాటి కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి. సగం మంది ఆ సంస్థకు చెందనివారై ఉండాలి. చదవలేని వ్యక్తి వేలిముద్ర వేసేటప్పుడు నిష్పాక్షికుడైన సాక్షి ఆద్యంతం ఉండాలి. మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు నిండిన పిల్లల అంగీకారం కూడా అడగాలి.

ఈ నియమాల వల్ల పరిశోధన కుంటుపడుతుందని కొందరు శాస్త్రవేత్తల ఫిర్యాదు. 2013 తరువాత కొంతకాలం కొత్త ప్రయోగాలకు అనుమతులు బాగా తగ్గిన మాట వాస్తవమే. కాని నమ్మకం లేనిచోట పరిశోధన అసలే సాగదని ఖమ్మం నిరూపించింది. ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడానికి పట్టే నెల రోజుల కాలం, అనుమానం వల్ల పోయే పదేళ్ళకంటె చిన్నది.

ఇక ఫోను దగ్గర కూర్చున్న కొడుకు విషయం. వార్డెన్‌ను తప్పుపట్టడం తేలిక. కాని తండ్రికి చదివి వినిపించకుండా "పెట్టేయండి" అన్న కొడుకు చేసినది దానికి భిన్నమైన పని ఏమీ కాదు. వార్డెన్‌కు అధికారం అండ, కొడుకుకు చదువు అండ. తెలియనివారి తరఫున తెలిసినవారు నిర్ణయించవచ్చునన్న భావన రెండు చోట్లా ఉన్నది. డెబ్బై ఏళ్ళు వ్యవసాయం చేసి, పొలం కొన్న ప్రతిసారీ దస్తావేజు నాలుగుసార్లు చదివించుకున్న మనిషికి, తన ఒంటికి సంబంధించిన పత్రం అర్థం కాదనుకోవడం ప్రేమే కావచ్చు గాని గౌరవం మాత్రం కాదు.

బౌషర్‌లోని గాలా పారిశ్రామిక వాడలో పనిచేసే తెలుగు కార్మికుల విషయంలోనూ ఇదే న్యాయం. వీసాకూ నివాసానికీ కావలసిన వైద్య పరీక్షలు తప్పనిసరి గనుక, ఆసుపత్రిలో చాచిన ప్రతి కాగితమూ తప్పనిసరేనని వారు భావించే అవకాశం ఉన్నది. ఒమన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖకు పరిశోధనలను సమీక్షించి అనుమతించే నైతిక సమితి ఉన్నది. అయినా అరబ్బీ, ఇంగ్లీషు రాని మనిషికి తెలుగులో చెప్పేవారు లేకపోతే ఆ రక్షణ అతని దాకా చేరదు. యజమాని మనుషులు పక్కన నిలబడి ఉంటే తలూపడం సమ్మతి అనిపించుకోదు. తెలుగు సంఘాలు రక్తదాన శిబిరాలతో పాటు ఈ దుభాషి సేవను కూడా చేపట్టడం సముచితం.

అడగవలసిన ప్రశ్నలు ఎక్కువేమీ లేవు. ఇది చికిత్సా, పరిశోధనా? అసలు మందే ఇస్తారా, ఉత్త మాత్ర ఇచ్చే అవకాశం ఉన్నదా? పాల్గొనకపోతే మామూలు వైద్యం ఆగిపోతుందా? మధ్యలో మానుకోవచ్చునా? హాని జరిగితే ఖర్చు ఎవరిది, ఏ నంబరుకు ఫోను చేయాలి? ఎథిక్స్ కమిటీ అనుమతించిందా? భారతదేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత? 2007లో మొదలైన ఆ రిజిస్ట్రీని బౌషర్‌లో కూర్చున్నవారైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఈ ప్రశ్నలకు విసుక్కునే వైద్యుడి పరిశోధనలో చేరనక్కరలేదు. ఓపికగా జవాబు చెప్పే వైద్యుణ్ణి అకారణంగా అనుమానించనక్కరలేదు.

కనుక ఈసారి ఇంటి నుండి అటువంటి ఫోను వచ్చినప్పుడు కొడుకు చేయవలసినది ఆ పదిహేను పేజీలను తెలుగులో చదివి వినిపించడం, తండ్రి సందేహాలను రాసి డాక్టరుగారిని అడగమనడం. అటు తరువాత "మీరేమంటారు నాన్నా?" అని అడిగి ఊరుకోవడం. వద్దనగలిగిన మనిషి ఔనన్నప్పుడే ఆ మాటకు విలువ. లచ్మన్‌కు దక్కనిదీ, భద్రాచలం తల్లులకు అందనిదీ ఆ అవకాశమే.