గెలుపును కొలువవలసిన చోటు

2025 జనవరిలో ఒక రాత్రి హైదరాబాదు మెట్రో రైలు, ఎల్బీ నగర్ నుండి లక్డీకాపూల్ వరకు గల 13 కిలోమీటర్లను 13 నిమిషములలో దాటి, దాత గుండెను గ్రహీత యున్న ఆసుపత్రి చెంతకు చేర్చినది. శరీరమును వీడిన గుండె మంచులో నుంచినను నాలుగైదు గంటలకు మించి తాళజాలదు; మూత్రపిండము ఒకటి ఒకటిన్నర దినము తాళును. ఈ గడువును నెలలకు పెంపగల పరిశోధక బృందములకు బహుమానములు చాటి పోటీలు నడపుట మేలని తలచువారిలో నేనును ఒకడను. అయితే పోటీకి ప్రాణము బహుమాన ద్రవ్యము కాదు, గెలుపును ఎచ్చట కొలుతురను నియమమే.

నడిసంద్రమున ఓడయున్న రేఖాంశమును అర్ధ డిగ్రీ లోపల తెలుపువారికి 20,000 పౌనుల నిచ్చెదమని 1714లో బ్రిటిషు పార్లమెంటు ప్రకటించినప్పుడు, ఆ ఉపాయమును పనిశాలలో గాక వెస్టిండీసు దాక సాగెడి యానములోనే నిరూపింపవలెనని శాసించెను. వడ్రంగి యైన జాన్ హారిసన్ గడియారము 1761లో జమైకాకు ఓడయెక్కినది అందుచేతనే.

అవయవముల విషయమున గెలుపును కొలువదగిన, జమైకా వంటి రేవు ఏది? ఫ్రిజ్జులోని ఐసు అరలో మరచిన టమాటాను బయటకు తీసి చూడుడు: గడ్డకట్టి యున్నంతసేపు నిగనిగలాడును, కరగిన వెంటనే తోలు వదులై, నీరుకారి, చతికిలబడును. మంచు స్ఫటికములు జీవకణములను చీల్చుటయే ఇందుకు మూలము. మంచు పుట్టకుండ, రక్షక రసాయనములను నింపి, నీటిని గాజువలె గట్టిపరచు పద్ధతిలో ఎలుక పిండములను భద్రపరుపవచ్చునని 1985లోనే రాల్, ఫాహీ చూపిరి. కాని మూత్రపిండమంత పెద్ద అవయవమును తిరిగి వేడిచేయునప్పుడు వెలుపలి భాగము ముందు, లోపలి భాగము వెనుక వేడెక్కి, పగులో మంచో తప్పదు. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రజ్ఞుడు జాన్ బిషాఫ్, శస్త్రవైద్యుడు ఎరిక్ ఫింగర్ బృందము, ఇనుప ఆక్సైడు సూక్ష్మకణములను రక్తనాళములలో నింపి, అయస్కాంత క్షేత్రముచేత లోనుండియే సమముగా వేడిచేసి, 100 దినముల వరకు దాచిన మూత్రపిండములను ఐదు ఎలుకలకు అమర్చినప్పుడు, సొంత మూత్రపిండములు లేని ఆ జీవులను అవియే నిలిపినవి. మొదటి రెండు మూడు వారములు తడబడి, పిదప కుదుటపడినవి.

ఇట్టి పోటీ వలన బృందములు తమ వైఫల్యములను దాచుకొనునను ఆక్షేపణ నిజమే. కనుక చెడిన ప్రయోగములను సైతము వెల్లడింపనివారికి బహుమానము లేదని నియమము చేయవలెను. శస్త్రచికిత్స ఖర్చును భరింపలేని చిన్న జట్టులకు ఉమ్మడి ప్రయోగశాలను సమకూర్పవలెను. ఇక న్యాయనిర్ణేతల పీఠమును శీతలపేటిక ముందు గాక, మార్పిడి జరిగిన నెలకు, ఆ ఎలుక బోను ముందు వేయవలెను.