ఆంప్లిఫయర్లలోనూ అగ్రవర్ణమా?

లక్షలు పోసి ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ కొనబోయేవాడు పాటకంటే ముందు ప్రవచనం వినాలి. క్లాస్-ఏ పరమ శుద్ధం, క్లాస్-ఏబీ ఏదో సర్దుబాటు, క్లాస్-డీ అయితే "డిజిటల్ సార్, ప్రాణం ఉండదు". ఇంజినీర్లు సర్క్యూట్లను గుర్తుపట్టడానికి పెట్టుకున్న అక్షరాలు షోరూమ్‌కు వచ్చేసరికి వర్ణవ్యవస్థ అయిపోయాయి. పుట్టుకను బట్టే గుణం!

అసలు సంగతి కరెంటు లెక్క. క్లాస్-ఏలో పాట లేకపోయినా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో నిండా కరెంటు పారుతూనే ఉంటుంది. పుష్-పుల్ పద్ధతిలో కూడా దాని సామర్థ్యం 50 శాతం దాటదు. అంటే ఛానెల్‌కు 30 వాట్లిచ్చే స్టీరియో ఆంప్ ఊరికే కూర్చున్నా కనీసం 120 వాట్లు మింగి వేడిగా కక్కుతుంది. క్లాస్-బీలో ఒక ట్రాన్సిస్టర్ తరంగం పై సగాన్ని, ఇంకొకటి కింది సగాన్ని మోస్తాయి. సామర్థ్యం 78.5 శాతం దాకా పోతుంది గానీ, చేతులు మారేచోట క్రాస్ఓవర్ డిస్టార్షన్ పుడుతుంది. అక్కడ కాస్త కరెంటు వదిలి రెండింటినీ కలిపి నడిపిస్తే అదే క్లాస్-ఏబీ. క్లాస్-డీలో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతాయి. సామర్థ్యం 90 శాతం దాకా ఉంటుంది.

క్లాస్-డీ మీద అనుమానానికి ఒకప్పుడు కారణం ఉంది. 1964లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ అమ్మిన ఎక్స్-10 చెప్పినంత పవర్ ఇవ్వలేదు. తర్వాత వచ్చిన కొన్ని డిజైన్లలో స్పీకర్ మారిస్తే పై స్థాయి స్వరాలు మారిపోయేవి. అవుట్‌పుట్ ఫిల్టర్‌ను కూడా ఫీడ్‌బ్యాక్ లోపలికి తెచ్చాక ఆ జబ్బు నయమైంది. నేటి హైపెక్స్, ప్యూరిఫై కంపెనీల క్లాస్-డీ మాడ్యూళ్ల డిస్టార్షన్ ఎన్నో క్లాస్-ఏ ఆంప్‌లకన్నా తక్కువ. జబ్బు పోయినా మైల మాత్రం పోలేదు.

"నా చెవి చెబుతోంది" అంటారు. చెవి ఒక్కటే చెబుతోందా? ధర తెలుసు, బరువు తెలుసు, అల్యూమినియం తళుకు ఎదురుగా ఉంది. పైగా శబ్దం ఇసుమంత పెరిగినా మనకది 'స్పష్టత'గా తోస్తుంది. అందుకే రెండు ఆంప్‌లను పోల్చేముందు స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ సమం చేయాలి. ఒకటి 2.00 వోల్టులిస్తే రెండోది 2.02 దాటకూడదు. ఏది మోగుతోందో వినేవాడికీ, పరీక్ష పెట్టేవాడికీ తెలియకూడదు. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే నమ్మొచ్చు. ఉత్త ఊహతో అలా కుదిరే అవకాశం 4 శాతం లోపే.

అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ 1987లో ఇలాంటి పరీక్షే పెట్టింది. చవక రిసీవర్ నుంచి వేల డాలర్ల ట్యూబ్ ఆంప్ దాకా వినిపిస్తే, జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు ఆంప్ డిజైనర్ బాబ్ కార్వర్ హోటల్ గదిలో కూర్చుని, స్టీరియోఫైల్ పత్రిక వాళ్లు ఎంచుకున్న ఖరీదైన ట్యూబ్ ఆంప్ స్వరాన్ని తన చవక ట్రాన్సిస్టర్ ఆంప్‌లోకి దించాడు. రెండు అవుట్‌పుట్లనూ ఒకదానిలోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడా తగ్గేదాకా సర్క్యూట్ సవరించాడు. తర్వాత విన్న ఎడిటర్లు ఏది ఏదో చెప్పలేకపోయారు. ట్యూబులో ఉందన్న 'ఆత్మ' కొలతకు దొరికిపోయింది.

మహిమలు రుజువు చేయమని బాబాలకు అబ్రహం కోవూర్ విసిరిన సవాలు తెలుగు హేతువాదులకు తెలిసిందే. అలాగే హేతువాది జేమ్స్ రాండీ 2007లో, మామూలు వాటితో తేడా విని చెప్పమంటూ ఖరీదైన స్పీకర్ కేబుళ్ల మీద పది లక్షల డాలర్ల పందెం కాశాడు. ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు.

తేడాలే ఉండవని కాదు. వాట్లు చాలక క్లిప్ అయినా, ఇంపీడెన్స్ బాగా పడిపోయే స్పీకర్‌ను ఆంప్ మోయలేకపోయినా వినిపిస్తుంది, మీటరులోనూ కనిపిస్తుంది. కనుక కొనేముందు స్పీకర్ సెన్సిటివిటీ, ఇంపీడెన్స్, గది పరిమాణం చూసుకోండి. మిగిలిన డబ్బు స్పీకర్లకూ గదికీ పెట్టండి. తేడా ఎక్కువగా తెలిసేది అక్కడే.

క్లాస్-ఏ ఆంప్ రూపం నచ్చి కొనుక్కుంటే అది అభిరుచి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. దాని స్వరమే వేరని అమ్మజూపితే మాత్రం, రుజువు చేయాల్సిన బాధ్యత చెప్పేవాడిదే.